మూల నిలబడ్డ మనిషి

స్టూడియో వెనక గదిలో, అప్పుడే ప్రింటు తీసిన కుటుంబం ఫొటో ముందు భార్యాభర్తలు నిలబడి ఉన్నారు.

“ఇందులో మా నాన్న ఏరి?”

“ఉన్నారుగా. కుడివైపు చివర, ఆ నలుపులో.”

“చెయ్యి కనిపిస్తోంది. మొహమేది?”

“కొత్త పెద్ద కెమెరాకి నా పాత చిన్న కెమెరా లెన్సు తగిలించాను. దాని వెలుగు గుండ్రంగా పడుతుంది, మూలలదాకా అందదు. అయినా మధ్యలో చూడు, మా నాన్న మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.”

“అవును, మధ్యలో అంతా మీవాళ్ళే. మూలలు నల్లబడతాయని మీకు ముందే తెలుసా?”

“తెలుసు. అంచులు కత్తిరించేస్తే సరిపోతుందనుకున్నా.”

“తెలిసే ‘మావయ్యగారూ, ఇంకొంచెం పక్కకి సర్దుకోండి’ అన్నారా? ఆయన మూడుసార్లు సర్దుకున్నారు. నేను చూస్తూనే ఉన్నాను.”

“ఆయన ఏమీ అనుకోరులే.”

“అనుకోరని కత్తిరించేస్తారా?”

“సరే, ఆదివారం మళ్ళీ తీస్తాను. ఇంక వదిలెయ్.”

“తియ్యండి. ఇదే లెన్సుతో తియ్యండి. మా నాన్న మధ్యలో కూర్చుంటారు, మీ నాన్నగారు ఆ చివర నిలబడతారు.”

“మా నాన్ననా? ఆయన ఊరుకుంటారేంటి?”

“చూశారా. ఈ సంగతి మాత్రం మీకు లెన్సు బిగించకముందే తెలుసు.”