ఆ కొస నుంచి చూస్తే

ఉతికి తెచ్చిన పట్టు తివాచీ మగ్గాల గదిలో వీధి గుమ్మం నుంచి వంటింటి గుమ్మం దాకా నేల మీద పరిచి ఉంది. దాన్ని నేసిన తోడికోడళ్ళిద్దరూ చెరో కొసన ఉన్నారు, పెద్దామె వంటింటి వైపు, చిన్నామె వీధి వైపు. షావుకారు రావడానికి గంట కూడా లేదు.

“కత్తెర ఎక్కడ పెట్టావక్కా?”

“ఏ కత్తెర?”

“ముడుల మీది నూగు సరిచేసేది. వంకర మూతిది.”

“మేకుకే ఉంటుంది. సరిగ్గా చూడు.”

“మేకుకి లేదు.”

“లేకపోతే నన్నడుగుతావేంటి? ఈ ఇంట్లో కనపడని ప్రతి వస్తువుకీ నేనే కాపలానా? అయినా తివాచీ తయారై, ఉతుకు కూడా అయి వచ్చేశాక ఇంకా కత్తెరతో పనేముంది?”

“ఇలా వచ్చి ఈ పువ్వు చూడు.”

“చూశాలే.”

“ఎప్పుడు చూశావు?”

“ఇప్పుడే. ఇక్కణ్ణించి కనబడుతూనే ఉందిగా. ఏమైంది దానికి?”

“రెండు రేకులు మొదలంటా కత్తిరించేశారు. నూగన్నదే లేదు. అడుగు పోగులు బయటపడ్డాయి.”

“ఉతికేచోట ఎవరో మోటుగా తోమి ఉంటారు. లేకపోతే ఎలకలు.”

“ఎలకలు గీత దాటకుండా కొరుకుతాయా అక్కా? పక్క రేకు మీద ఒక్క ముడి కూడా చెదరలేదు.”

“నన్నడిగితే నాకేం తెలుసు? ఎలకనడుగు.”

“నిన్న సాయంత్రం బాగానే ఉంది. షావుకారు గారు చూశారు కూడా. ఆయన సుద్దతో పెట్టిన చుక్క ఇదిగో, ఇంకా నడిమధ్య అలాగే ఉంది.”

“పెట్టాడు. పెట్టాడులే. చుక్క పెట్టి ఏమన్నాడో కూడా విన్నాను. వంటింట్లో ఉన్నంత మాత్రాన నాకు చెవులు లేవా? ‘ఈ పువ్వు కట్టిన చెయ్యి పెద్ద మగ్గానికి కావాలి. ఈసారి గదికి గది నిండే తివాచీ. రెండో ఆవిడ ఊలు మగ్గం మీదికి వెళ్తుంది.’ ఇదేగా అన్నది?”

“ఎవరి చెయ్యో ఆయన అనలేదు.”

“ఆయనకేం తెలుసు, మనలో ఎవరు ఏ పక్క కూర్చుంటామో. ఇవాళ కొనే ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చి అడుగుతానన్నాడుగా. చెబుదువుగాని, నోరారా.”

“ఇప్పుడేం చెబుతాను? కొనే ఆవిడ మొట్టమొదట చూసేది ఈ పువ్వునే. ఎవరో ఓర్వలేక చేసిన పని ఇది.”

“ఎవరో అంటే? నేనా?”

“నేను నీ పేరెత్తలేదు.”

“ఎత్తక్కర్లేదు. ఇందాకటి నుంచీ ఆ చూపేంటి? అయినా నిన్ను చూసి ఓర్వలేకపోవడానికి నీ దగ్గర ఏముందని? పదిహేనేళ్ళుగా ఈ పీట మీద కూర్చుంటున్నాను. నువ్వు వచ్చిన కొత్తలో పోగు ఎటు తిప్పాలో కూడా తెలిసేది కాదు. నీ వేలు పట్టుకుని రెండు పోగుల చుట్టూ తిప్పించింది ఎవరు?”

“నువ్వే.”

“పట్టు కోసి వేళ్ళు చీరుకుపోతే గుడ్డ చుట్టింది ఎవరు?”

“నువ్వే అక్కా. నేను మర్చిపోయానని ఎప్పుడన్నాను?”

“నువ్వనవు. నువ్వేమీ అనవు. అదేగా నీ గొప్ప. నువ్వు నోరు మూసుకుని కూర్చుంటావు, జనమే నిన్ను నెత్తిన పెట్టుకుంటారు. అత్తయ్య పోయే ముందు తను ముడులు వేసే కొక్కెం కత్తి ఎవరి చేతిలో పెట్టింది? నా చేతిలోనా?”

“అప్పుడు మంచం పక్కన నేనున్నాను. నువ్వు గ్లాసు కడగడానికి వెళ్ళావు.”

“అవును, వెళ్ళాను. పదిహేనేళ్ళు గ్లాసులు కడగడానికి నేను, కత్తి పుచ్చుకోవడానికి నువ్వు.”

“ఆ కత్తి నీకిస్తే అప్పుడే తీసుకోనన్నావు.”

“నువ్విచ్చేదేంటి నాకు? ఇవ్వాల్సినావిడ ఇవ్వలేదు. నువ్విస్తే అది బిచ్చం.”

“సరే. కత్తి సంగతి వదిలెయ్. కత్తెర సంగతి చెప్పు.”

“మళ్ళీ కత్తెరేనా?”

“కత్తెరే.”

“...కండెల సంచిలో ఉంది. అడుగున. చాలా? ఇప్పుడు చల్లబడిందా నీ కడుపు?”

“ఎప్పుడు చేశావు?”

“పొద్దున. నువ్వు నీళ్ళకి వెళ్ళావు చూడు, అప్పుడు.”

“ఎందుకు చేశావక్కా?”

“ఎందుకేంటి? కుళ్ళు. ఇంకేముంటుంది? అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఊలు మగ్గం అంటే నాకు చచ్చినంత పని. ఆ మోటు ముడులు వేసి వేసి రెండేళ్ళకి ఈ వేళ్ళు మొద్దుబారిపోతాయి. గోరంత చోట ఇరవై ముడులు వేసే వేళ్ళు ఇవి. అయినా అదొక్కటే అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని.”

“ఇంకేంటి మరి?”

“ఆ పువ్వు.”

“పువ్వేం చేసింది?”

“నిన్న షావుకారు లేచాడు, నువ్వు సాగనంపడానికి వీధి గుమ్మం దాటావు. నేను చెయ్యి తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాను. సుద్ద చుక్క ఎక్కడుందా అని చూశాను. ఎడం పక్క పువ్వు మీద ఉంది. మగ్గం మీద ఎడం పక్క కూర్చుని ఆ పక్క పువ్వు కట్టేది నువ్వు, కుడి పక్కది నేను. సరే, దీన్లో అంత ఏముందిలే అనుకుని తేరిపార చూశాను. చూడకుండా ఉండాల్సింది.”

“ఎలా ఉంది?”

“ఎలా ఉందని నన్నడుగుతావేంటి, నీది నీకు తెలియదా? నేను ఏ గులాబీ కట్టినా ముదురుగానే వస్తుంది. మాగిపోయిన పండులా ఉంటుంది. నాకు తెలుసు, నెలల తరబడి దాని ఎదుటే కూర్చుంటాను కదా. ఆ పువ్వు అలా లేదు. రేకు మొదట్లో కాస్త ఎరుపు, అంచుకి వచ్చేసరికి పాలు కలిపినంత లేత. లోపలెక్కడో దీపం పెట్టినట్టుంది. ఒకే కండెలోంచి ఇద్దరం పట్టు తీసుకున్నాం. ఒకే బొమ్మ కాగితం చూసి ఇద్దరం కట్టాం. నీకెలా వచ్చింది ఆ రంగు? రాత్రంతా ఇదే ఆలోచన. ముడి బిగించడంలో ఉందా, కత్తి పట్టడంలో ఉందా? నాకు చెప్పకుండా అత్తయ్య నీకేం చెప్పింది?”

“ఏమీ చెప్పలేదు.”

“చెప్పకుండానే వచ్చిందా? అదింకా మంట.”

“అక్కా, ఒకసారి లేచి ఈ కొసకి రా. వీధి గుమ్మం వైపు.”

“ఎందుకు?”

“రా. చెబుతాను.”

“వచ్చాను. ఏంటి?”

“కూర్చో. కుచ్చులు చూడు. మొదటి వరసలో నువ్వెప్పుడూ ఒక నీలం ముడి వేస్తావుగా, నీ గుర్తుకి. కనబడిందా?”

“ఇదిగో, ఇక్కడ... అంటే మనం మొదలుపెట్టిన కొస ఇదా? ఇటుందేంటి? నేను వంటింటి వైపు అనుకున్నాను.”

“పరిచినవాళ్ళు ఇటు తిప్పి పరిచారు. ఇప్పుడు నువ్వు మగ్గం మీద కూర్చున్నట్టే కూర్చున్నావు. చుక్క ఉన్న పువ్వు ఏ పక్క ఉంది?”

“కుడి... కుడి పక్క.”

“కుడి పక్క కూర్చునేది ఎవరు?”

“నేనే. కాదు. ఇది కాదు. నేను చూసింది ఇది కాదే. ఇది ముదురుగా ఉంది. మిగిలిన రేకులు చూడు, ఎంత ముదురుగా ఉన్నాయో. ఇవి నా రేకుల్లా ఉన్నాయి.”

“నీవే కాబట్టి నీవాటిలా ఉన్నాయి. పట్టు నూగు ఒక వైపుకే వాలుతుంది. మనం కూర్చునే వైపుకి. ఇటు నుంచి చూస్తే ముదురు, అటు నుంచి చూస్తే లేత. ఏ పువ్వయినా అంతే. నా పువ్వు కూడా ఇక్కణ్ణించి చూడు, ముదురుగా లేదూ?”

“...ఉంది. ముదురుగానే ఉంది. మరి ఇన్నేళ్ళూ నాకెందుకు తెలియలేదు?”

“ఎలా తెలుస్తుంది? మగ్గం మీంచి కోసీ కొయ్యగానే చుట్టి పట్టుకుపోతారు. ఉతికాక మళ్ళీ ఇంటికొచ్చిన తివాచీ ఇదొక్కటేగా. మా నాన్న ఉతికేచోట పనిచేశాడు కాబట్టి చిన్నప్పుడు నేను చూశాను. నేసినవాళ్ళెవరూ అటు నుంచి చూడరని అనేవాడు.”

“అంటే పదిహేనేళ్ళుగా నా పువ్వుల్ని నేను ముదురు వైపు నుంచే చూస్తున్నానా?”

“అంతే.”

“ఆ లేత రంగు నాదా? రాత్రంతా నన్ను నిద్ర పోనివ్వనిది నా పువ్వా?”

“నీదే. షావుకారు గారు వంటింటి వైపు నిలబడే చూశారు. తర్వాత వంగి చుక్క పెట్టారు.”

“నా పువ్వు మీద.”

“నీ పువ్వు మీద.”

“నవ్వు వస్తోంది నాకు. ఏడుపు రావాలి కదా, నవ్వొస్తోంది. నా చేత్తో నేనే... ఇంత చిన్న కత్తెరతో... కొయ్యడానికి ముందు ఆ రేకు మీద ఒకసారి చెయ్యి కూడా వేశాను, తెలుసా? ఎంత మెత్తగా ఉందో అనుకుని, ఇంకా మండిపోయి కోశాను.”

“ఊరుకో అక్కా.”

“ఇప్పుడు ముడులు వేద్దామా? నువ్వొక రేకు, నేనొక రేకు. పాత పట్టు కండెలో మిగిలే ఉంది.”

“గంటలో అయ్యే పనా? తెగిన ముడులు ఊడదీయడానికే ఒక పూట పడుతుంది. రెండు రోజులన్నా కావాలి.”

“అవును. అవ్వదు. నాకు మతి పోయింది. ఇలా విను. షావుకారు వచ్చి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. కోసింది నేనే అని చెబుతాను. పెద్ద మగ్గం నువ్వు తీసుకో.”

“అక్కా.”

“అడ్డు చెప్పకు. ఊలు మగ్గానికి నేను వెళ్తాను. మంచి మనసు లేని దానికి పట్టెందుకు? నువ్వు చూడు, నన్నొక్క మాట అనలేదు. నీ స్థానంలో నేనుంటే ఈ పాటికి వీధి వీధంతా ఇక్కడే ఉండేది. అత్తయ్యకి తెలుసు. అందుకే కత్తి నీ చేతిలో పెట్టింది.”

“అక్కా, నేను చెప్పేది విను.”

“ఏం వినాలి? నిన్ననే నాకు చెప్పి ఉంటే బాగుండేది, అంతే. ‘అక్కా, ఆయన మెచ్చుకున్నది నీ పువ్వే’ అని ఒక్క మాట.”

“చెబుదామనే వీధి గుమ్మం నుంచి వెనక్కొచ్చాను. చెప్పబుద్ధి కాలేదు. నాలుగేళ్ళుగా నీ పక్కనే కూర్చుని నీ చెయ్యే చూస్తూ కట్టాను. చుక్క మాత్రం నీ పువ్వు మీద పడింది.”

“పోనీలే. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది. పొద్దునైనా చెప్పేదానివే, నువ్వు నీళ్ళకి వెళ్ళిపోయావు. ఆ టైముకి నువ్వు ఇంట్లో ఉండాల్సింది. ఉంటే నా చెయ్యి పట్టుకుని ఆపేదానివి. అదిగో, బండి ఆగినట్టుంది. లే, తలుపు తియ్యి.”

“తలుపు దగ్గరే ఉన్నానక్కా పొద్దున కూడా. సగం దారి వెళ్ళి వెనక్కొచ్చాను. నువ్వు ఆ రేకు మీద చెయ్యి వేసి చూస్తున్నావు, కత్తెర ఇంకా పెట్టలేదు. నీ పువ్వేనని తెలిసే నోరు మెదపలేదు.”