చిన్నరాయప్ప గారి ఆదివారాలు

1957 జూన్ 3వ తేదీన శ్రీ జుజ్జువరపు చిన్నరాయప్ప గారు మన నూజివీడు తోటరైతుల సహకార రవాణా సంఘంలో మెకానిక్‌గా చేరారు. అప్పటికి సంఘానికి రెండు లారీలు, ఒక రేకుల షెడ్డు ఉన్నాయి. ఈ జూలై నెలాఖరున వారు హెడ్ మెకానిక్‌గా పదవీ విరమణ చేస్తున్నారు. సీజను ముగిసి షెడ్డులో అందరం అలసి ఉన్న సమయంలో వారి గురించి రాయమని కార్యవర్గం నన్ను కోరింది. ఆఫీసు గుమాస్తాగా చూసినంత వరకు రాస్తున్నాను.

1966లో వారు సీనియర్ మెకానిక్ అయ్యారు, 1979లో హెడ్ మెకానిక్. 1981లో గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకుల లారీలు వచ్చాయి. వాటిలో ట్యాంకులో గాలి తగ్గితే డ్రైవరుకు బజరు మోగించే స్విచ్ ఒకటి ఉంటుంది. లోపల రబ్బరు పొర ఉంటుంది. బిగించేటప్పుడు ఆ రబ్బరుకు రాసే గ్రీజు వేరు. అది ఎర్రటి చిన్న డబ్బాల్లో వస్తుంది. చక్రాలకు వాడే డ్రమ్ము గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి అంటుకుపోతుంది, గాలి తగ్గినా బజరు మోగదు. మన లారీల్లో మామిడికాయతోపాటు, కోసిన కూలీలు కూడా లోడు మీద కూర్చుని ఇళ్లకు వస్తారన్నది చదివేవారందరికీ తెలుసు.

1984 వేసవిలో ఎర్ర డబ్బాలు బెజవాడలో దొరకలేదు. స్విచ్‌లు మార్చవలసి ఉంది. మేనేజరు భాస్కరరావు గారు షెడ్డుకు వచ్చారు.

"డ్రమ్ము నిండా గ్రీజు ఉంది కదండీ రాయప్ప గారూ."

"అది రబ్బరుకి పనికిరాదండీ."

"నాకు తెలియదంటారా? కాయ ఆగదు కదా."

"కాయ ఆగదండీ. లారీ ఆగాలి కదా."

మేనేజరు గారు వెళ్లిపోయారు. సొన తగిలి చేతులు పొక్కకుండా కోత కూలీలు రాసుకునే ఆముదం సంఘంలో ఎప్పుడూ ఉంటుంది. ఆముదం రబ్బరును ఉబ్బించదు. కానీ ఎండకు, దుమ్ముకు జిగురు కడుతుంది. వారానికోసారి ప్రతి స్విచ్ విప్పి, తుడిచి, మళ్లీ రాయాలి. లారీలు నిలిచి ఉండేది ఆదివారం ఒక్కటే. చిన్నరాయప్ప గారు ఆముదం వాడారు. ఆ వేసవి ఆదివారాలన్నీ షెడ్డులో గడిపారు. చర్చిలో వారి భార్య రిబ్కమ్మ గారి పక్కన చోటు ఖాళీగా ఉండేది.

మే నెలలో ఒక మధ్యాహ్నం విస్సన్నపేట నుంచి లోడుతో వస్తున్న డ్రైవరు సాంబయ్య లారీలో, వాలు దిగబోయే ముందు బజరు మోగింది. దిగువన కల్వర్టు ఉంది. సాంబయ్య అక్కడే ఆపేశాడు. గాలి గొట్టం చీలింది. లోడు మరునాటికి గానీ చేరలేదు, కాయ మెత్తబడింది. పైన ఉన్న ఆడవాళ్లు ఎండలో నడిచి ఇళ్లకు చేరారు. వారిలో కనకమ్మ మర్నాడు షెడ్డుకు వచ్చింది.

"ఏమయ్యా రాయప్పా, నీ బూర కూసి మమ్మల్ని నడిపించింది. కాళ్లు బొబ్బలెక్కినయ్."

"కూసిందా?"

"చెవులు చిల్లులు పడేటట్టు కూసింది."

"అయితే సరేనమ్మా," అని వారు మళ్లీ పనిలోకి వంగారు.

"అది కూయకపోతే నడవటానికి కాళ్లే ఉండేవి కాదక్కా," అన్నాడు సాంబయ్య.

"ఉన్నయ్ గాబట్టేగా నొప్పులు," అంటూ ఆమె వెళ్లిపోయింది.

కార్యవర్గ సమావేశంలో పాడైన లోడు గురించి చాలాసేపు మాట్లాడారు. బజరు గురించి ఎవరూ మాట్లాడలేదు. మరుసటి ఏడు మాత్రం కాయ కోతకు రాకముందే ఎర్ర డబ్బాలు షెడ్డు అరలో ఉన్నాయి. భాస్కరరావు గారు మద్రాసు నుంచి తెప్పించారు. ఎవరూ అడగలేదు, వారూ చెప్పలేదు.

సరైన గ్రీజు వచ్చినా ఆదివారాలు తిరిగి రాలేదు. చిన్నరాయప్ప గారు స్విచ్ చూశారని తెలిస్తే గానీ సోమవారం లారీ తీయకపోవడం డ్రైవర్లకు అలవాటైంది. వారు కాదనలేదు. ప్రతి సీజనులోనూ అదే జరిగింది. మొన్న ఈ వ్యాసం కోసం వారింటికి వెళ్లినప్పుడు విరమణ తేదీ అడిగాను. వారు చెప్పేలోపే రిబ్కమ్మ గారు అందుకున్నారు.

"తేదీ ఏదైతే ఏంటండీ. ఆదివారాల నుంచి రిటైరైతే చాలు."

చిన్నరాయప్ప గారు నవ్వలేదు. ఈ వారం కొత్తగా బిగించిన స్విచ్ ఏ లారీలో ఉందో నాకు చెప్పి, ఒకసారి చూడమన్నారు.

చూస్తామని ఈ సంచిక ముఖంగా వారికి మాట ఇస్తున్నాం. వచ్చే వేసవిలో ఏ ఆదివారమైనా వారు షెడ్డు వైపు వస్తే, మంచినీళ్లిచ్చి చర్చికి పంపవలసిన బాధ్యత మన అందరిది. అక్కడ రిబ్కమ్మ గారి పక్కన కూర్చోవడానికి వారికి ఆరోగ్యాన్ని, ఇంకా ఎన్నో ఏళ్ల ఆయుష్షును ఆ ప్రభువు ఇవ్వాలని సంఘ సిబ్బంది అందరి తరఫున కోరుకుంటున్నాను.