కౌంటర్ దగ్గర కూర్చున్న పిల్లలు

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మీనాక్షి వాళ్ళ వంటగది. ఆ ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటూ ఎమ్మెస్ చదువుతున్న కావ్యశ్రీ కాలేజీ నుంచి వచ్చి ఇంకా బూట్లయినా విప్పలేదు.

“నేనేం చెప్పలేదక్కా.”

“మరి మా ఇషాకి ఎలా తెలుస్తుంది కావ్యా? సెకండ్ గ్రేడ్ పిల్ల. రోజూ బస్ దగ్గర్నుంచి తీసుకొచ్చేది నువ్వు, కూర్చోబెట్టి చదివించేది నువ్వు.”

“అసలేమైందో చెప్పండి. వచ్చినప్పట్నుంచి ఏం చెప్పావు, ఏం చెప్పావు అంటున్నారు.”

“ఇషా టీచర్ నన్ను స్కూల్‌కి పిలిపించింది. మీటింగ్ మధ్యలో వదిలేసి పరిగెత్తాను. ఆ సివిల్ రైట్స్ బొమ్మల పుస్తకం లేదూ...”

“తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డించే హోటల్ కౌంటర్ దగ్గర నల్లజాతి స్టూడెంట్స్ వెళ్ళి కూర్చుంటారు, అదేనా?”

“అదే. వాళ్ళకి కాఫీ ఇవ్వరు, పైపెచ్చు నెత్తిన చక్కెర పోస్తారు. అది చదివి వినిపించి టీచర్ అడిగిందట, ఇలాంటిది మీలో ఎవరైనా చూశారా అని. మా మహాతల్లి చెయ్యెత్తింది.”

“ఎత్తి?”

“ఏదో వాగింది.”

“ఏమందక్కా?”

“పిల్లలన్నాక నోటికేదొస్తే అదంటారు. అది కాదు పాయింట్. ఆ వయసు పిల్లలకి ఆ పుస్తకాలేంటి? లేనిపోనివన్నీ బుర్రలోకి ఎక్కించడం తప్ప. తీసేయమని ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ పెడుతున్నాను. పక్కవీధి రేణు కూడా పెడతానంది.”

“ఆ పుస్తకం క్లాస్‌కి ఇచ్చింది మీరే కదా. ఫిబ్రవరిలో. ఇషా చేతిలో పెట్టి ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో కూడా పెట్టారు.”

“అది వాళ్ళ హిస్టరీ, పిల్లలు తెలుసుకోవాలని ఇచ్చాను. మన ఇంటి మీదకి తెచ్చుకోవడానికి కాదు.”

“ఇషా ఏమంది?”

“నా మీద అరవకు.”

“అరవట్లేదు. అడుగుతున్నా.”

“మా ఇంట్లో కావ్యక్కకి వేరే ప్లేట్ అంది. చాలా?”

“వేరే ప్లేటా?”

“చూడు, నువ్వు చెప్పకపోతే దానికి...”

“ఏ ప్లేట్? నెమలి బొమ్మ ఉన్న స్టీలు కంచమా?”

“కావ్యా, ముందు కూర్చో.”

“అది... నాకని ప్రేమగా పెట్టారనుకున్నా అక్కా. కడిగి గరాజ్ షెల్ఫ్ మీద బోర్లిస్తే, లోపల చోటు లేదేమో అనుకున్నా. వీడియో కాల్‌లో మా అమ్మకి చూపించిన. చూడమ్మా, నాకు స్పెషల్ కంచం అని చెప్పిన.”

“నీకు తెలీదా?”

“నాకెట్ల తెలుస్తది?”

“అయ్యో. నేను నువ్వే చెప్పుంటావని...”

“మా అమ్మ ఆ రోజు ఏం మాట్లాడలే. నెట్‌వర్క్ పోయిందనుకున్నా.”

“అది మా అమ్మ చాదస్తం కావ్యా. డెబ్భై దాటిన మనిషి. ఇషా నీ కంచంలో తింటానని మారాం చేస్తే చేతి మీద ఒక్కటేసిందట. అదే పిల్ల మనసులో పడింది. ఈ వయసులో ఆవిణ్ణి ఎలా మారుస్తాం చెప్పు? నేను అలాంటివి పట్టించుకుంటానా?”

“ఆ పుస్తకంలోని వాళ్ళు నయమక్కా.”

“ఏంటి?”

“కాఫీ ఇవ్వరని తెలిసే పోయి కూర్చున్నరు వాళ్ళు. నేను తెల్వక కూర్చుని తిన్నా. తిని, థాంక్స్ కూడా చెప్పిన.”

“అంత మాటలెందుకు ఇప్పుడు?”

“మా కులమేందో అమ్మమ్మగారికి ఎవరు చెప్పిన్రు?”

“ఎవరు చెప్తారు? ఇంటిపేరుని బట్టి పోల్చుకుని ఉంటుంది.”

“ఇంటిపేరు అడిగింది మీరు. ఊళ్ళో మా ఇల్లు ఏ వైపు, మా నాన్న ఏం చేస్తడు, అన్నీ మీరే అడిగిన్రు.”

“పరిచయానికి ఊరికే అడిగాను. ఇప్పుడవన్నీ తవ్వకు. టీచర్ రేపు మళ్ళీ రమ్మంది. నువ్వూ నాతో రా. నన్ను ఇంట్లో మనిషిలా చూసుకుంటారు అని ఒక్క మాట చెప్పు. పెద్దావిడ అలవాటు, అంతకుమించి ఏం లేదని చెప్పు. మా ఆయన ఆఫీసులో డైవర్సిటీ కమిటీలో ఉన్నారు. ఆయనకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు.”

“వస్తా.”

“వస్తావా? థాంక్స్ కావ్యా. నువ్వు అర్థం చేసుకుంటావని నాకు తెలుసు.”

“వచ్చి చెప్తా. ఏం చెప్తానో మీరు ముందే వినుండ్రి. అమ్మమ్మగారు ఈ ఇంటికి వచ్చింది మొన్న మార్చిలో. ఆ కంచంలో నాకు మొదటిసారి అన్నం పెట్టింది మీరు, పోయిన ఆగస్టులో, నేను దిగిన రోజే.”