ఏడు ఒకట్లు, యాభై రెండో రోజు

అధ్యక్షత వహిస్తున్న హెడ్మాస్టరు గారికి, వేదిక మీది పెద్దలకు, మావారితో ముప్పై మూడేళ్ళు ఒకే స్టాఫ్‌రూములో కూర్చున్న ఉపాధ్యాయులకు, పాత విద్యార్థులకు నమస్కారం. ఈ పదవీ విరమణ సభలో లెక్కల మాస్టారి భార్యగా రెండు మాటలు చెప్పమన్నారు. మూడు చెబుతాను. (నవ్వులు)

మావారు మంచి మాస్టారు. ఇది మొదటి మాట, మనస్ఫూర్తిగా అంటున్నాను.

రెండోది, ఈ హాలు బయటి గోడ గురించి. '1111111 ప్రధాన సంఖ్య' అని నీలం రంగుతో, కింద మావారి పేరుతో, ఇరవై రెండేళ్ళుగా ఉంది. అది తప్పు.

నవ్వకండి. ఆ ఏడాది ఈయన పీరియడు చివర రోజుకో ప్రధాన సంఖ్య చొప్పున, రెండు, మూడు, అయిదు, ఏడు అంటూ, పిల్లల చేత ఆ ఏడు ఒకట్లను భాగహారం చేయించారు. ప్రతిసారీ శేషం మిగిలింది. దాని వర్గమూలం దాకా, అంటే వెయ్యీ యాభై నాలుగు దాకా చూడనిదే తేల్చకూడదని పిల్లలకు చెప్పిందీ ఈయనే. యాభై ఒకటో రోజు రెండు వందల ముప్పై మూడు అయింది, మర్నాటి నుంచి వేసవి సెలవులు. ఆ సెలవుల్లో గోడకు రంగులేస్తుంటే ఆగలేక రాయించేశారు! యాభై రెండో రోజు రావలసింది 239. దాన్ని 4649తో గుణించి చూడండి, సరిగ్గా ఏడు ఒకట్లు.

నాకు ఏ పనీ సగంలో వదిలే అలవాటు లేదు. మిగతాది వంటింటి బల్ల మీద నేను చేశాను.

"ఏమండీ, శేషం సున్నా వస్తోంది."

పేపరు దించకుండానే, "ఎక్కడో పొరబడి ఉంటావు, మళ్ళీ చెయ్యి" అన్నారు. ఆరుసార్లు చేశాను. ఆరుసార్లూ సున్నాయే.

మూడో మాట. మరుసటి ఏడాది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు ఒక అమ్మాయి ఇదే రాసింది, 239 ఇంటూ 4649 అని. ఈయన ఎర్రగా అడ్డంగా కొట్టేసి సున్నా వేశారు. "ఇదేం అన్యాయమండీ?" అంటే, "గోడ మీదకెక్కింది కదే, ఇప్పుడు దింపితే నా పరువేం కావాలి?" అన్నారు. తెలిసే వేశారన్నమాట! ఆ పిల్ల పరువు మాటేమిటి?

ఆ అమ్మాయి మూడో వరసలో ఉంది. సోమవారం నుంచి ఈయన స్థానంలో లెక్కలు చెప్పబోయేది తనే. నువ్వెందుకమ్మా తల దించుకుంటావు? దించుకోవలసినవాళ్ళు ఇక్కడ పూలగుత్తి పట్టుకుని కూర్చున్నారు.

ఏమంటున్నారు? ఇంట్లో మాట్లాడుకుందామా? ఇంట్లో ఇరవై ఏళ్ళు మాట్లాడానండీ!

ఇదిగో ఆ జవాబు పత్రం, నా బీరువాలో దాచాను. ఎర్ర పెన్ను మీ జేబులోనే ఉంది, పొద్దున నేనే పెట్టాను. (మాస్టారు పెన్ను తీస్తారు)

రెండు మార్కులండీ. ఒకటిన్నర కాదు. సంతకం కూడా. (చప్పట్లు)

తీసుకో అమ్మా. గోడ చెరపడానికి సోమవారం దాకా ఆగకు, పెయింటు డబ్బా తెచ్చాను, గుమ్మం దగ్గరుంది. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. నిచ్చెన ఈయన పట్టుకుంటారు. నాకు సెలవు.