పడుకున్న ఆవును లేపే తిప్పయ్య

తిప్పయ్యకు కాలు నిలవదంట. మూడు ఆవులుండె. పొద్దు పొడిస్తే బీడుకు తోలుకుపోయి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు తిప్పేదే పని. ఒకచోట నాలుగు పరకలు కొరికినాయనుకో, పదండి, అక్కడ ఇంకా బాగుంది అంటాడు. అక్కడికి పోతే ముందుదే బాగుండె అంటాడు. ఇంక ఆవు పడుకునిందా, చూసి ఓర్చలేడు. సోమరిదానా, లెయ్యి, మేస్తేనే పాలు, పడుకుంటే యాడొస్తాయి అని కర్రతో పొడిచి లేపుతాడు. నవ్వుతా ఉండారు గానీ, మీలో లేపనోళ్ళు ఎంతమంది?

ఏమైందంటే, చెంబు నిండా ఇచ్చే ఎర్రావు అరచెంబుకు దిగింది, ఆపైన చెంబు అడుగుకు దిగింది. దూడ పొదుగును కుమ్మి కుమ్మి అలిసిపోతా ఉంది. అవి పెండ్లాం లింగమ్మ పుట్టింటి ఆవులు. ఆమె చూసి చూసి, వచ్చే సోమవారం మా తమ్ముడొస్తాడు, అప్పటికి చెంబు నిండకపోతే ఆవుల్ని వానితో తోలిచ్చేస్తా, ప్రాణంతోనన్నా ఉంటాయి అనింది. ఆ బామ్మర్ది, ఏం బావా, ఇంకా నడస్తానే ఉండావా అని నలుగురిలో నవ్వే రకం.

నన్నేం చెయ్యమంటావు అన్నాడంట తిప్పయ్య. లింగమ్మ బీడును రేగికంపతో నాలుగు ముక్కలు చేసింది. గడ్డి పిడికిలెత్తుకు దిగిందాకా ఒక ముక్కలోనే మేయాల, ఆ తర్వాతే రెండోది, మేసిన ముక్క మళ్ళా మోకాలెత్తు లేచిందాకా దాని మొగం చూడొద్దు అనింది. ఇంత జనపనార చేతిలో పెట్టి, కూర్చోని పగ్గం పేను, ఆవు లేస్తేనే నువ్వు లెయ్యి అనింది.

మొదటి దినం ఆవులు ఆదరాబాదరాగా కొరికి, వీడెప్పుడు పొడుస్తాడో అని వీని దిక్కే చూస్తా నిలబడినాయంట. ఒక్కటీ పడుకోలేదు. తిప్పయ్యకు సిగ్గేసి కర్రను కంప అవతలికి విసిరేసినాడు. రెండోనాడు ఎర్రావు మోకాళ్ళు మడిచింది. వీని పిక్కల్లో చీమలు పాకినట్టుంది, సగం లేస్తాడు, కూర్చుంటాడు, మళ్ళా సగం లేస్తాడు. ఆవేమో నెమరేస్తా ఉంది. మింగుతుంది, గొంతులో ఉండ పైకొస్తుంది, మళ్ళా నములుతుంది. వాడు పుట్టి బుద్ధెరిగి అంతసేపు ఆవును చూసిందే లేదు. ఓహో, అసలు తినేది ఇప్పుడా, నేను లేపింది విస్తరి ముందర నుంచా అనుకున్నాడు.

సోమవారం రానే వచ్చింది. బామ్మర్ది చెంబులోకి తొంగిచూసి, రెండు వేళ్ళు తక్కువుంది కదక్కా అన్నాడు. లింగమ్మ, ఈ దినం దూడ ముందు తాగిందిరా, ఆ రెండు వేళ్ళు దాని కడుపులో ఉండాయి, పోయి కొలుచుకో అనింది. వాడు ఆవుల్ని ముట్టకుండా వచ్చిన దారినే పోయినాడు.

అంతే కత. మా మరిది దీన్ని మూడుసార్లు విన్న మనిషే. నిన్న చూస్తే పడుకున్న ఆవును పొడుస్తా ఉండాడు. వాళ్ళింట్లో నేను మజ్జిగ ముట్టను, అది దూడ నోటి దగ్గరిది, నీళ్ళు తాగి వచ్చేస్తా.