గున్నమ్మ అంగుట్లో ఎర్రమచ్చ

గున్నమ్మని ఒకామె, సముద్రపొడ్డున ఎండుసేపలు అమ్ముకునీది. మొగుడు పోయినాడు, ఒక్కర్తే. నోరంటే నోరనుకో, ఇక్కడ అరిస్తే పక్కూరోళ్ళు గుమ్మంలోకి వచ్చి సూసీవోరంట. అడ్డపొగ తాగీది. మీకు ఎరికే గదా, సుట్ట నిప్పున్న కొస నోట్లో ఎట్టుకుని తాగడం, గాలికి ఆరిపోదని. ఆళ్ళమ్మ తాగినాది, ఆళ్ళమ్మమ్మ తాగినాది, ఇదీ తాగినాది. దాని యారాలు సూరమ్మ, మొగుడి తమ్ముడి పెళ్ళాం. ఇసకలో సేపలు ఎండేసుకునే సోటు కాడ తగువొచ్చి ఆరేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. ఒకే కుళాయి కాడ నీళ్ళు పట్టుకుంటారు, ఒకరి మొకం ఒకరు సూడరు.

ఏటైందంటే, ఒకనాడు మద్దినేళ సూరమ్మ కోళ్ళు పోయి గున్నమ్మ సేపల మీద పడ్డాయి. ఇంకేటుంది! "ఓలే సూరీ, నీ కోళ్ళకి కళ్ళు పోనాయా, నీకు పోనాయా" అని తల యెనక్కెత్తి నోరంతా తెరిసి లంకించుకుందంట. సూరమ్మ కొంగు బిగించి మీదకొచ్చినాది. వచ్చి, అలా నిలబడిపోనాది. ఎండ సరాసరి గున్నమ్మ నోట్లో పడింది. అంగుడంతా, అదే నోటి పైకప్పంతా, సున్నమేసినట్టు తెల్లగా ఉంది, ఆ తెలుపు మీద ఆవగింజల్లాగ ఎర్రెర్ర సుక్కలు. ఒక పక్కని సింతపిక్కంత ఎర్రమచ్చ, పచ్చిపుండులాగ. "అప్పా, నోరు ముయ్యకు!" అన్నాది సూరమ్మ. తగువులో నోరు ముయ్యమంటారు గానీ ముయ్యకని ఎవులన్నా అంటారా? గున్నమ్మ దిమ్మెరపోనాది. ఈలోగా సూరమ్మ దవడ పట్టీసుకుంది. "ఈ పుండు ఎన్నాళ్ళయింది?" "నెల దాటింది, అయితే నీకేటి?" "కారం తగిలితే మండుతుందా?" "మండితే మండుతాది. నొప్పి లేదు, అదే పోద్ది, ఒగ్గు." సూరమ్మ తడిగుడ్డ ఏలికి సుట్టి ఆ తెలుపు రాసి సూసింది. నాలిక మీద కట్టే పాలపొర లాంటిదైతే గుడ్డకి వచ్చీసీది. ఇది రాలేదు. అప్పుడు సూరమ్మ గొంతు మారిపోనాదంట. "అప్పా, మాయమ్మకీ నొప్పి లేదు. నొప్పి లేదనే ఒగ్గీసినాం. మెడలో గెడ్డ కట్టి, గెంజి కూడా మింగలేనప్పుడు నొప్పొచ్చింది. అప్పుడు తీసుకెల్తే, ఆలీసమైపోనాదన్నారు. నాను ఇంకోసారి అది సూడలేను."

గున్నమ్మ దవడ ఇడిపించుకుంది. సేపల గంప సర్దుకుని లోపలికెల్లిపోనాది. తెల్లారి సూరమ్మ దాని గుమ్మంలో ఉంది. ఆ మర్నాడూ ఉంది. మూడోనాడు గున్నమ్మ తలుపు తీసి, "నాకు బయ్యంగా ఉందే సూరీ" అన్నాదంట. ఆరేళ్ళ తరవాత తిట్టు లేకుండా అన్న మొదటిమాట అదే.

ఇద్దరూ బస్సెక్కి పెద్దాసుపత్రికి ఎల్లినారు. డాక్టరమ్మ లైటేసి సూసి, మెడ కింద తడిమి సూసి, "ఈ తెలుపూ సుక్కలూ నిప్పు సెగకి వచ్చినాయి, సుట్ట మానేస్తే సాలామట్టుకు తగ్గుతాయి. ఈ ఎర్రమచ్చే నాకు నచ్చలేదు. నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే ఊరుకోకూడదమ్మా" అని సిన్న ముక్క తీసి పరీచ్చకి పంపినాది. పదిరోజులు. ఆ పదిరోజులూ గున్నమ్మ సుట్ట ముట్టలేదు, సూరమ్మ దాన్ని వదిలి కదల్లేదు. సివరికి కేన్సరే అన్నారు. అయితే మొదట్లోనే ఉంది, మెడ దాకా పాకలేదు అన్నారు. ఆపరేషన్ సేసి ఆ మచ్చంతా తీసీసినారు. అంగుట్లో గుంటపడింది, మాట కాస్త ముక్కులోంచి వస్తాది, అంతే. బతికింది. అయిదేళ్ళయింది, ఇప్పటికీ పరీచ్చకి ఎల్తూనే ఉంటాది.

ఇప్పుడేటంటే, మన ఈదిలో ఏ ఆడది సుట్ట నోట్లో ఎట్టుకున్నా దాని దవడకి గున్నమ్మ సెయ్యి రావలసిందే. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు, ఊగే పన్ను, మెడలో గెడ్డ, అన్నీ సూస్తాది. ఆటిలో ఏదున్నా, నోరు సేతిఏళ్ళు మూడు పట్టేటంత తెరుసుకోకపోయినా, తన్నినంత పని సేసి ఆసుపత్రికి తోలతాది. అలా ఆరుగురిని తోలింది. ఇద్దరికి మచ్చలు పెద్దవి కాకముందే తీసినారు. నన్నూ తోలింది, లేకపోతే ఇంత పొడుగున ఎలా సెప్తాను? నాను సుట్ట మానేసి మూడేళ్ళయింది. నవ్వుతారేటి? సరే, మద్దిలో మా మేనకోడలి పెళ్ళిలో ఒకటి కాల్సినాను. అది గున్నమ్మకి సెప్పకండి.