గోరువెచ్చగా

మురుగు తొట్టి పక్కనున్న మెషీను గది. కాలనీ ప్లాంటు ఇంజనీరూ, ఫిట్టరు పని చేసే అతని బావమరిదీ ముక్కులకు గుడ్డలు కట్టుకుని నిలబడ్డారు.

"ఛీ, ఛీ! ఆ బకెట్టు నా మొహం మీదికి తేకు. దూరంగా పెట్టు."

"పెట్టా బావా."

"ఏంట్రా ఈ నలుపు? వేడినీళ్ళ లైన్లోకి మురుగెలా వచ్చింది?"

"తుప్పేమో..."

"తుప్పు ఇలా కంపు కొడుతుందా? తొట్టిలో పైపుకి చిల్లు పడింది. మెషీను వేడి ఊరికే గాల్లో పోనివ్వకుండా దాంతో నీళ్ళు కాచి, ఆ నీళ్ళతో తొట్టిని వెచ్చగా ఉంచుదాం, మురుగులోంచి గ్యాసు బాగా పుడుతుంది, ఆ గ్యాసుతో ఈ ఫ్యూయెల్ సెల్ మెషీను బాగా కరెంటిస్తుంది అని అందరికీ గొప్పలు చెప్పుకున్నానే! తొట్టి చల్లబడి చచ్చింది. గ్యాసు లేదు. రేపు పెద్దాఫీసరొచ్చి చూశాడంటే ప్లాంటుకి తాళం, నాకు ఇంటిదారి."

"అలా అనకు బావా."

"మరెలా అనమంటావ్? ఎవడో నీళ్ళు లాగేస్తున్నాడు. పోయినన్ని చన్నీళ్ళు మళ్ళీ లైన్లోకొచ్చి పడుతున్నాయి. వాడు కుళాయి తిప్పినప్పుడల్లా ఆ చిల్లు మురుగు పీల్చుకుంటోంది. ఇదిగో, ఈ జాయింటు ఎవరు పెట్టారు?"

"ఏది?"

"ఏదేంట్రా, నీ కళ్ళ ముందుదే! కొత్త టేపు మెరుస్తోంది."

"అదా... అది... రిటర్న్ లైను కదా."

"అదే నా ఏడుపు! మెషీన్లోంచి వచ్చే వైపు కాదు, తొట్టిలోంచి తిరిగొచ్చే వైపు పెట్టాడు, బుద్ధిలేని వెధవ."

"అటువైపు నీళ్ళు చర్మం ఊడగొడతాయి బావా. ఇటైతే గోరువెచ్చగా ఒంటికి హాయిగా..."

"అంటే, స్నానానికా? థూ! ఊరందరి పెంటలోంచి వచ్చిన నీళ్ళు నెత్తిన పోసుకుంటున్నారా? ఎవడా మహానుభావుడు? రేపు ఆఫీసరు ముందే వాడి పరువు తీస్తా."

"వద్దు బావా."

"నీకెందుకురా అంత జాలి? నువ్వేనా పెట్టింది?"

"చిల్లుందని నాకేం తెలుసు? నిన్నటిదాకా తేటగానే వచ్చాయి. నీకు చెప్తే ఒప్పుకోవని..."

"ఒప్పుకోనా? నేనెందుకు ఒప్పుకోవాలి? ఒరేయ్, ఇటు చూడు. గోడవతల ఉన్నవి మన క్వార్టర్సేగా. ఎవరింటికి వేశావ్?"

"బావా..."

"నాన్చుతావేంట్రా? చెప్పు!"

"ముందు అక్కకి ఫోన్ చెయ్యి బావా. పసిదానికి నీళ్ళు పోసే వేళైంది."